మూడో మలుపులో ఎవరు నిలబడాలి

మే నెల మొదటి ఆదివారం సాయంత్రం, ఆదోనిలో మా పత్తి జిన్నింగ్ మిల్లు ఆవరణలో, ఒక బొమ్మకారు పదేళ్ళ పిల్ల చీలమండను కొట్టింది.

బొమ్మకారు అంటే చూడనివాళ్ళకు నవ్వొస్తుంది. మూరెడు పొడవు, మూడు నాలుగు కిలోల బరువు. చేతిలోని రిమోట్ మీట నొక్కితే మోటర్ సైకిల్ కంటే ముందు ఉరుకుతుంది. ఆ పిల్ల పేరు ఫిర్దోస్. ఎమ్మిగనూరులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే అర్షద్ కూతురు. తలకిందులైన కారును తిప్పి నిలబెట్టడానికి ట్రాక్ మీదికి పరుగెత్తింది. వెనక ఇంకో కారు వస్తోందని చూసుకోలేదు. ఆ కారు నడిపేవాడూ చూడలేదు. నడిపేవాళ్ళంతా ఆవరణకు ఆ చివర మంచె మీద నిలబడి ఉంటారు.

అర్షద్ తన రిమోట్ వదిలేసి మంచె మీది నుంచి దూకాడు. కూతుర్ని ఎత్తుకొని గేటు దాటి పోయాడు. ఐదు నిమిషాలకు తరువాతి రేసు మొదలైంది.

పత్తి రాక మార్చికే తగ్గిపోతుంది. మళ్ళీ దసరా దాకా మిల్లు ఆవరణ ఖాళీ. రెండేళ్ళ కిందట ఆ ఖాళీలో మా ఆయన గిరిధర్, మరిది ఆదిత్య కలిసి పాత అగ్నిమాపక పైపులు పరిచి ట్రాక్ వేశారు. ఒక ఆదివారం ఆదోనిలో, ఒక ఆదివారం ఎమ్మిగనూరులో పోటీలు. మూడో ఆదివారం మా మిల్లులో ఫైనల్. గెలిచిన ఊరికి కప్పు, ఏడాది పొడుగునా ఎదుటి ఊరిని ఎగతాళి చేసే హక్కు.

ఈ ఆటకు ఒక రూలుంది. ఒక రేసులో కారు నడిపినవాళ్ళు తరువాతి రేసుకు మలుపుల దగ్గర నిలబడాలి. ఎవరి కారు బోర్లా పడినా పరుగున పోయి నిలబెట్టాలి. రూల్స్‌లో వాళ్ళను మార్షల్స్ అంటారు, మేము ఎత్తేవాళ్ళు అంటాం. అయితే మావాళ్ళు ఆ రూలుకు ఒక తోక తగిలించారు: తాను నిలబడలేకపోతే తన తరఫున ఇంకొకరిని పంపొచ్చు. మంచె దిగగానే ఫ్యాను కింద కూర్చొని మజ్జిగ తాగాలనుకునే షావుకార్లు ఎవరిని పంపుతారు? పిల్లల్ని పంపారు. పిల్లలు ఎగిరి గంతేశారు.

అందరిలోకీ చురుకైన చేయి మా మనస్వినిది. దానికి పదకొండేళ్ళు. కష్టమైన మూడో మలుపు ఎవరి వంతైనా, అక్కడ నిలబడేది ఎప్పుడూ అదే. కారు పడిందో లేదో, కన్ను మూసి తెరిచేలోగా నిలబెట్టి వెనక్కి వచ్చేసేది.

ఆ రాత్రి అన్నాల దగ్గర నేను చెప్పేశాను, వచ్చే వారం నుంచి మనూ ట్రాక్ మీదికి పోదని. ఆయన నవ్వాడు. ఫిర్దోస్ చూసుకోలేదనీ, మన పాప చూసుకుంటుందనీ అన్నాడు. మా మామగారు బాలకృష్ణయ్య గారు మార్కెట్ యార్డులో నలభై ఏళ్ళు దలాలీ చేసిన మనిషి. మజ్జిగన్నం కలుపుకుంటూ తలెత్తకుండా అన్నారు.

"ఎమ్మిగనూరోళ్ళ పిల్లకు దెబ్బ తగిలితే, ఈడ మన కోడలికి నొప్పి పుట్టిందప్పా. పుట్టినిల్లు కదా."

అందరూ నవ్వారు. మనూ కూడా నవ్వింది. "నేను పోతా మా. మూడో మలుపు నాదే" అంది.

రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు నేను. చివరికి ఆయన దిగి వచ్చాడు. క్రికెట్ ప్యాడ్లు కోసి మనూ కాళ్ళకు సరిపోయేలా కుట్టించాం. బూట్లు తప్పనిసరి అన్నాం. పసుపు జెండా ఊపాకే పిల్లలు లోపలికి దిగాలని కొత్త షరతు పెట్టించాను. నేనే గెలిచాననుకున్నాను.

*

రెండో ఆదివారం ఎమ్మిగనూరులో. మగ్గాల షెడ్ల వెనక ఖాళీ స్థలం, మధ్యలో ట్రాక్. ఎండ చల్లబడినా నేల ఇంకా పొగలు కక్కుతోంది. నేను మొదటిసారి దగ్గరుండి చూడాలని వెళ్ళాను.

అర్షద్ తన రేసు ముగించి, మంచె దిగి, నేరుగా మలుపులోకి పోయి నిలబడ్డాడు. చుట్టూ ఉన్న ఐదుగురూ పిల్లలే. వాళ్ళ మధ్య ఆరడుగుల మనిషి. మా ఊరి గింజల వ్యాపారి లక్ష్మప్ప కుర్చీలోంచి కదలకుండానే పలకరించాడు.

"ఏమప్పా అర్షదూ, నీకు పిల్లల్లేరా ఏంది?"

"ఉండారన్నా. అందుకే నేను నిలబడినా."

లక్ష్మప్ప నవ్వు సగంలో ఆగిపోయింది. కంచె పక్కన కాలికి కట్టుతో ఫిర్దోస్ కూర్చొని ఉంది. నేను దాని పక్కన చేరాను.

ఆ రేసు అయ్యాక అర్షద్ మళ్ళీ మంచె ఎక్కాడు. అతని కారు, ఆదిత్య కారు నువ్వా నేనా అన్నట్టు పోతున్నాయి. మూడో మలుపులో అర్షద్ కారు గాల్లోకి లేచి తలకిందులైంది. జెండా లేచింది. మనూ దూకింది. ఒక్క అంగలో కారు దగ్గరుంది. వంగింది. చేతులు కారు మీద ఉన్నాయి. కారు లేవలేదు.

చేయి జారిందేమో అనుకున్నాను. తరువాత కారు లేచింది, పోయింది, అప్పటికే ఆదిత్య సగం ట్రాక్ ముందున్నాడు.

ఆ తరువాత ఆదిత్య కారు అక్కడే పడింది. మనూ దాన్ని మెరుపులా నిలబెట్టింది. ఇంకాసేపటికి మళ్ళీ అర్షద్ కారు. మళ్ళీ చేతులు కారు మీద, మళ్ళీ ఆ ఆలస్యం. ఈసారి నేను కారును చూడలేదు, మనూ ముఖం చూశాను. అది కారు వైపు చూడటం లేదు. మంచె వైపు చూస్తోంది.

మంచె మీద ఆదిత్య వెనక మా ఆయన నిలబడి ఉన్నాడు. భుజం మీద తువ్వాలు. తువ్వాలు అంచు మీద చేయి. ఆ చేతి రెండు వేళ్ళు చాచి, మిగిలినవి మడిచి ఉన్నాయి. వేళ్ళు ముడుచుకున్నాయి. కారు లేచింది.

మా నాన్న ఎమ్మిగనూరులో వేరుశనగ దలాలి. నలుగురిలో ధర బయటపడకుండా తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని బేరం చేసేవాడు. ఏ వేలు ఎంతో, ఎప్పుడు ముడిస్తే బేరం కుదిరినట్టో నాకు ఏడేళ్ళప్పుడే తెలుసు. అత్తగారింట్లో నన్ను ఆ సంగతి ఎవరూ అడగలేదు. ఆడవాళ్ళకు తెలియదనే అనుకున్నారు.

పక్కన ఫిర్దోస్ కాళ్ళూపుతూ రేసు చూస్తోంది. నాకు ఆ పిల్ల వైపు తిరగడానికి ముఖం చెల్లలేదు.

*

మరునాడు పొద్దున జడ వేస్తూ అడిగాను మనూను. కోప్పడలేదు. కోప్పడితే నోరు మూసుకుంటుందని తెలుసు.

అది దాచలేదు. తాత నేర్పించాడట, సెలవుల్లో ఆటలాగా. నాన్న ఒక వేలు చూపిస్తే వెంటనే ఎత్తాలి. రెండు చూపిస్తే ముడిచేదాకా చేతులు పెట్టి ఆగాలి. పిడికిలి చూపిస్తే అసలు ఆ కారు కనపడనట్టే ఇంకో వైపు చూడాలి. పిడికిలి ఇంతవరకు చూపించలేదంట. ఫైనల్‌కు దాచిపెట్టారంట.

"బాబాయికి తెలుసా?"

"లేదు మా. చెప్తే ఒప్పుకోడంట." అద్దంలో నా ముఖం చూసి, అది గర్వంగా నవ్వింది. "నేను ఒక్కసారి కూడా తప్పు చేయలేదు తెలుసా. తాత అన్నాడు, మన ఇంట్లో నాన్న కంటే నా చెయ్యే మంచిదంట."

దువ్వెన నా చేతిలో ఆగిపోయింది. దాని కాళ్ళకు ప్యాడ్లు కుట్టించి నేను నిశ్చింతగా పడుకున్నాను. దాని చేతులను ఎవరు పట్టుకున్నారో చూడలేదు.

ఆయనతో మాట్లాడటానికి మధ్యాహ్నం దాకా ఆగాను. మిల్లు ఆఫీసులో ఒంటరిగా ఉన్నాడు. చెప్పాల్సింది చెప్పాను. కాదనలేదు. ఎట్లా కనిపెట్టానని ఆశ్చర్యపోయాడు, అంతే. ఎమ్మిగనూరువాళ్ళు మాత్రం శుద్ధులా అన్నాడు. ఆట అన్నాక ఎత్తులుంటాయన్నాడు. రెండు సెకన్లతో ఎవరి కొంపా మునిగిపోదన్నాడు. ఆదిత్య ఒక్కసారి గెలవాలనీ, ఊరంతా మన మిల్లులో చూస్తుండగా గెలవాలనీ అన్నాడు.

"మనూ ఫైనల్‌కు రాదు" అన్నాను.

"వస్తాది. రాకపోతే ఎందుకు రాలేదని పదిమంది అడుగుతారు. ఏం చెప్తావు? అర్షద్‌కు పోయి చెప్తావా? చెప్పు. మీ మామ మాట మీద మార్కెట్లో ఇప్పటికీ లారీలు కదులుతాండాయి. ఆ మాట పోగొడతావా?"

ఆఫీసు నుంచి వచ్చేశాను. చెబితే మామగారి పరువు పోతుంది. చెప్పకపోతే ఫైనల్లో నా కూతురు పిడికిలి కోసం చూస్తుంది.

మనూను ఇంట్లో పెట్టి తాళం వేయగలనా? తాతే స్కూటర్ మీద ఎక్కించుకొని పోతాడు. ఎమ్మిగనూరు పుట్టింటికి పంపగలనా? అదే ఏడ్చి ఇల్లు పీకి పందిరేస్తుంది. బలవంతంగా ఆపితే తప్పు నాదవుతుంది. ట్రాక్ మీది నుంచి ఆ పిల్లను తీయాలంటే ట్రాక్ రూలుతోనే తీయాలి.

ఆ సాయంత్రమే ఆదిత్యను పట్టుకున్నాను. నీ పాత కారు నాకిచ్చి నడపడం నేర్పించమన్నాను. వదినకు ఇదేం పిచ్చి అన్నట్టు చూశాడు. కానీ సంతోషపడ్డాడు. మిద్దె మీద నీళ్ళ ట్యాంకు చుట్టూ రోజూ తిప్పించాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, అర్షద్‌ను ఓడించగలవా అని.

"న్యాయంగా ఐతే సగం సగం వదినా. ఆయప్ప చెయ్యి మెత్తన. నేను తొందరపడతా" అన్నాడు. పాపం, వాడికి నిజంగానే తెలియదు.

*

ఫైనల్ రోజు మిల్లు ఆవరణ కిటకిటలాడింది. గోడల మీద, లారీల మీద, ఖాళీ బండ్ల మీద జనం. పెద్దకడుబూరు నుంచి ట్రాక్టర్లో వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. మనూ పొద్దున్నుంచే తాతతో వచ్చేసింది. ప్యాడ్లు కట్టుకొని, జడలు బిగించుకొని, మూడో మలుపు పక్కన కంచె దగ్గర కూర్చుంది.

ఫైనల్‌కు ముందు కొత్తవాళ్ళ రేసు. ఎవరైనా నడపొచ్చు. ఆదిత్య పిలుస్తున్న పేర్లలో నా పేరు వినపడగానే ఈలలు పడ్డాయి. మా ఆయన మైకు దగ్గర్నుంచి నన్ను చూశాడు. నవ్వాడు. నేనేదో సరదాకు దిగానని, గొడవ ముగిసిందని అనుకొని ఉంటాడు.

నేను ఆఖరున వచ్చాను. కావాలని వచ్చానో, నాకు అంతే చేతనయిందో ఇప్పటికీ చెప్పలేను. మా ట్రాక్ మీద ఒక అలవాటుంది: ఓడినవాళ్ళకే కష్టమైన మలుపు. ఆఖరున వచ్చినవాళ్ళకు మూడోది.

రిమోట్ ఆదిత్య చేతిలో పెట్టి మంచె దిగాను. చీర కొంగు నడుముకు బిగించి ట్రాక్ దాటి మూడో మలుపులోకి నడిచాను. మనూ అప్పటికే అక్కడ నిలబడి ఉంది.

"పో పాపా. ఇది నా చోటు."

"నువ్వు పంపితే నేనుంటా కదా మా. అందరూ పిల్లల్నే పంపుతారు."

"నేను పంపలేదు."

మా ఆయన మైకు పక్కన పెట్టి వచ్చాడు. ఇంతమందిలో ఆట పట్టించొద్దన్నాడు పళ్ళ బిగువున. పాప అలవాటైన చేయి, నీకు చేతకాదన్నాడు. నేను గట్టిగానే అన్నాను, పక్కవాళ్ళకు వినపడేలా: కారు నడిపినవాళ్ళు నిలబడాలి, అదీ రూలు. ఇంకొకరిని పంపొచ్చు అన్నారు గానీ, పంపాలి అనలేదు.

మంచె మీది నుంచి అర్షద్ గొంతు వచ్చింది. "అక్క చెప్పేది కరెక్టన్నా. రూల్ రూలే."

జనం ఒక క్షణం అటూ ఇటూ చూశారు. ఎవరో వెనక నుంచి, నాతో పాటే నడిపి దిగిన లక్ష్మప్పను పిలిచి, షావుకారి కోడలే నిలబడింది, నీ కాళ్ళకు ఏమొచ్చింది స్వామీ అన్నారు. ఆవరణంతా నవ్వు. లక్ష్మప్ప మజ్జిగ గ్లాసు దించి, ప్యాంటు మడుచుకుంటూ లేచాడు. ఆయన లేచాక మిగతావాళ్ళు కూర్చోలేకపోయారు. ఒక్కొక్కరే వచ్చి తమ పిల్లల్ని కంచె అవతలికి పంపి మలుపుల్లో నిలబడ్డారు. మనూ నా వైపు చూడకుండా కంచె దాటింది. కళ్ళనిండా నీళ్ళు.

మా ఆయన మంచె ఎక్కి హారన్ మోగించాడు. ఆరు కార్లు ఒక్కసారిగా దూకాయి.

పెద్దవాళ్ళు ఎత్తుతుంటే చూడముచ్చటగా లేదు. లక్ష్మప్ప ఒక కారును నిలబెట్టబోయి వెనక్కి తిప్పి పెట్టాడు. నవ్వులు, తిట్లు. ముందు మాత్రం ఆదిత్య, అర్షద్ అంగుళం తేడాతో పోతున్నారు. కార్లు నా ముందు నుంచి పోయినప్పుడల్లా చెవిలో కందిరీగ దూరినట్టుంది. దగ్గర్నుంచి చూస్తే గానీ ఆ వేగం తెలియదు. ఈ చోట రెండేళ్ళుగా నా కూతుర్ని నిలబెట్టాం అనుకున్నాను.

సగం రేసు దాటాక అర్షద్ కారు పల్టీ కొట్టి నా ముందు పడింది. చక్రాలు పైకి తిరుగుతున్నాయి. జెండా లేచింది. నేను దిగాను. వంగేముందు మంచె వైపు చూడకుండా ఉండలేకపోయాను. మా ఆయన చేయి తువ్వాలు మీదే ఉంది. నాకు వేళ్ళు తెలుసని ఆయనకు తెలుసు. వీపు తిప్పి, కారు నిలబెట్టేశాను.

లేచి వెనక్కి అడుగేయబోతుంటే ఒక నీలం కారు మలుపు తిరిగి నా మోకాలి కింద కొట్టింది. కట్టె విరిగినట్టు చప్పుడు. ట్రాక్ మధ్యలో పడిపోయాను. నొప్పి వెంటనే రాలేదు. ముందు వినపడింది కంచె కదిలిన చప్పుడు.

మనూ కంచె దూకింది. నా వైపు పరుగెత్తుకొని వస్తోంది. వద్దని అరిచాను. సగం దూరంలో, సరిగ్గా ట్రాక్ నడుమ, అది ఆగిపోయింది.

ఆగి, కార్లు వచ్చే వైపు చూడలేదు. నన్నూ చూడలేదు. తల ఎత్తి మంచె వైపు చూస్తూ నిలబడింది.

గోడౌను గోడ పక్కన పొడుగాటి దారిలో ఆదిత్య కారు మీట పూర్తిగా నొక్కిన వేగంతో వస్తోంది. నేను ఆయన వైపు చూశాను. ఆయన మనూను చూస్తున్నాడు. అది ఎక్కడ చూస్తోందో ఆయనకు తెలిసిన క్షణం నాకు కనపడింది. చేయి తువ్వాలు మీది నుంచి దిగింది. హారన్ మీద పడింది.

హారన్‌కు కార్లు ఆగవు, నడిపేవాళ్ళ చేతులు ఆగాలి. ఆదిత్య కారు ఆగే దూరంలో లేదు. వాడు దాన్ని అమాంతం పక్కకు తిప్పి గోడౌను గోడకేసి కొట్టాడు. ముక్కలు ముక్కలైంది. ఒక చక్రం దొర్లుకుంటూ వచ్చి మనూ బూటు పక్కన పడింది. అప్పటికీ అది మంచె వైపే చూస్తోంది.

*

కప్పు ఎవరికీ ఇవ్వలేదు. మళ్ళీ రేసు పెడదామన్నవాళ్ళతో అర్షద్, ఈరోజుకు చాలన్నాడు. నన్ను ఆటోలోకి ఎక్కించింది అర్షదే. జూన్‌లో రెండు ఊళ్ళవాళ్ళూ కూర్చొని రూలుకు తగిలించిన తోక కోసేశారు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు ట్రాక్ మీదికి దిగకూడదని రాసుకున్నారు. మా మామగారు ఆ మీటింగుకు పోలేదు. నాతో మాట్లాడటానికి ఆయనకు వినాయక చవితి దాకా పట్టింది. అవన్నీ తరువాతి సంగతులు.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఎముక చిట్లిందని చెప్పి, కట్టు వేసేదాకా బల్ల మీద కూర్చోమన్నారు. నేను కాలు చాపుకొని గోడకు ఆనుకున్నాను. నా పక్కన మనూ. దాని పక్కన ఆయన. ఆదిత్య బయట మందుల కోసం పోయాడు. ఇదే దెబ్బ దాని కాలికి తగిలి ఉంటే అని ఆయన ఆలోచిస్తున్నాడని నాకు తెలుసు. నేనూ అదే ఆలోచిస్తున్నాను.

చివరికి ఆయనే అడిగాడు.

"ఆడ ఎందుకు నిలబడిపోతివి పాపా? కారు వస్తాండేది కనపడలేదా?"

మనూ ఆశ్చర్యంగా చూసింది, ఇది కూడా అడగాలా అన్నట్టు.

"నువ్వు చెయ్యి చూపిస్తావని నాన్నా. అమ్మను ఎత్తాల్నో ఆగాల్నో తెలీలేదు."

నర్సు వచ్చి నా పేరు పిలిచింది. లేవడానికి సాయం కోసం ఆయన వైపు తిరిగాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని, వాటి మీద తన బరువంతా వేసి కూర్చొని ఉన్నాడు.